ఒకేసారి ఎక్కువ మెయిళ్లు ఫార్వర్డ్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక మెయిల్ ఫార్వర్డ్ చేయడం అందరికీ వచ్చు. ఇరవై మెయిళ్లు ఎవరికైనా పంపాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. ఒక్కోటి తెరిచి, అడ్రసు కొట్టి, పంపి, వెనక్కి వచ్చి మళ్లీ ఇంకోటి తెరవాలి. ఆ తిప్పలు తప్పించుకునే మార్గాలు, వాటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో ఈ పేజీలో ఉంది.

అసలు పది, ఇరవై మెయిళ్లు ఒకేసారి ఫార్వర్డ్ చేయడం కుదురుతుందా?

కుదురుతుంది. అయితే "ఒకేసారి" అన్న మాటతో జనం మూడు వేర్వేరు పనులు అడుగుతుంటారు. ఒకటి, ఒకే మెయిల్‌కి ఆ ఇరవై మెయిళ్లనూ అటాచ్‌మెంట్లుగా తగిలించి పంపడం. రెండోది, అన్నిటిలో ఉన్న రాతను వరసగా ఒకే మెయిల్‌లో పేర్చి పంపడం. మూడోది, ఇరవై మెయిళ్లూ అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో ఇరవై విడి మెయిళ్లుగా చేరడం, అదీ మీరు ఇరవై సార్లు నొక్కకుండా.

మొదటిది చాలా సులువు. రెండోది కొన్ని చోట్లే కుదురుతుంది. మూడోదానికి కొంచెం పని పడుతుంది. అందుకే బటన్ వెతికే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: అందుకున్న మనిషి వాటిని ఏం చేస్తారు? చదివి వదిలేస్తారా, ఫైల్ చేసి దాచుకుంటారా, ఎక్కడైనా రుజువుగా చూపిస్తారా? చదవడానికే అయితే రాత కనిపించేలా పంపాలి. దాచడానికీ రుజువుకీ అయితే అటాచ్‌మెంట్‌గా పంపాలి. చాలామంది ఇది ఆలోచించకుండా చేతికి దొరికిన బటన్ నొక్కేస్తారు. ఆ తర్వాత అవతలి నుంచి "ఇవి తెరుచుకోవట్లేదు, మళ్లీ పంపండి" అని జవాబు వస్తుంది.

జీమెయిల్‌లో ఎలా చేయాలి?

కంప్యూటర్‌లో బ్రౌజర్ నుంచి జీమెయిల్ తెరవండి. కావాల్సిన మెయిళ్ల పక్కనున్న గడుల్లో టిక్ పెట్టండి. వరసగా ఉంటే మొదటిదానికి టిక్ పెట్టి, షిఫ్ట్ పట్టుకుని చివరిదాని గడి నొక్కితే మధ్యలోవన్నీ ఎంపికవుతాయి. తర్వాత పైనున్న మూడు చుక్కల మెనూలో "ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్" నొక్కండి. కొత్త మెయిల్ తెరుచుకుంటుంది, ఎంచుకున్నవన్నీ అందులో అటాచ్ అయి ఉంటాయి. అడ్రసు, సబ్జెక్టు రాసి పంపేయడమే. ఎంచుకున్న మెయిళ్ల మీద రైట్ క్లిక్ చేసినా ఇదే ఆప్షన్ దొరుకుతుంది.

ముందే ఒక మెయిల్ రాయడం మొదలుపెట్టి ఉంటే ఇంకో దారి ఉంది. జాబితాలోని మెయిళ్లను మౌస్‌తో లాగి, రాస్తున్న కిటికీలో వదిలేయండి. అవి అక్కడే అటాచ్ అవుతాయి.

ఈ సదుపాయం జీమెయిల్‌కి వచ్చింది 2019 చివర్లో. ఇంటర్నెట్‌లో దొరికే పాత సలహాలు చాలావరకు అంతకు ముందువి. "జీమెయిల్‌లో ఇది కుదరదు, ఎక్స్‌టెన్షన్ వేసుకోండి" అంటాయి. ఇప్పుడు ఈ పనికి ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్) అక్కర్లేదు. మీ మెయిల్ మొత్తం చదివే అనుమతిని ముక్కూ మొహం తెలియని ఎక్స్‌టెన్షన్‌కి ఇవ్వడం నా దృష్టిలో అనవసరపు రిస్కు.

కావాల్సినవి ఇన్‌బాక్స్ నిండా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎలా ఏరాలి?

టిక్కులు పెట్టే ముందు వెతకండి. అసలు టైమ్ ఆదా అయ్యేది ఇక్కడే. జీమెయిల్ సెర్చ్ పెట్టె కుడి చివర ఉన్న గుర్తు నొక్కితే ఒక ఫారం తెరుచుకుంటుంది. ఎవరి నుంచి వచ్చాయి, సబ్జెక్టులో ఏ మాట ఉంది, ఏ తేదీల మధ్యవి, అటాచ్‌మెంట్ ఉన్నవా, ఎంత సైజువి అని అందులో విడివిడిగా అడగొచ్చు. ఫలితాలు వచ్చాక పైనున్న గడికి ఒక్క టిక్ పెడితే ఆ పేజీలోవన్నీ ఎంపికవుతాయి. మామూలుగా పేజీకి 50 ఉంటాయి, సెట్టింగ్స్‌లో దాన్ని 100కి పెంచుకోవచ్చు.

వెతుకులాట ఒక్కరోజులో తేలదనుకుంటే "పంపాల్సినవి" అని ఒక లేబుల్ పెట్టుకోండి. కనబడినప్పుడల్లా మెయిల్‌కి ఆ లేబుల్ తగిలిస్తూ పోండి. చివర్లో ఆ లేబుల్ తెరిస్తే అన్నీ ఒకేచోట ఉంటాయి. పంపడం అయిపోయాక లేబుల్ తీసేస్తే సరి, మెయిళ్లకేమీ కాదు.

ఒకే సబ్జెక్టు కింద నలభై జవాబులు నడిచాయి. ఆ సంభాషణ మొత్తం ఒకేసారి పంపాలంటే?

ఆ సంభాషణ తెరవండి. పైనున్న మూడు చుక్కల్లో "ఫార్వర్డ్ ఆల్" ఉంటుంది. అది నొక్కితే మెయిళ్లన్నీ మొదటి నుంచి చివరిదాకా ఒకే మెయిల్‌లో వరసగా చేరతాయి. చదవడానికి ఇంతకంటే హాయిగా ఇంకేదీ ఉండదు.

సంభాషణ అడుగున కనిపించే మామూలు "ఫార్వర్డ్" బటన్ వేరు. అది చివరి మెయిల్‌ను మాత్రమే పంపుతుంది. దాని కింద కోట్ అయిన పాత రాతలు వెళ్తాయి కాబట్టి మొత్తం వెళ్లినట్టే అనిపిస్తుంది. కానీ మధ్యలో ఎవరైనా పాత మెయిల్‌కి జవాబిచ్చి ఉంటే ఆ కొమ్మ రాదు. పాత మెయిళ్ల అటాచ్‌మెంట్లూ రావు.

అదే సంభాషణలో మూడే మూడు మెయిళ్లు ఏరి పంపాలనుకుంటే, సెట్టింగ్స్‌లో జనరల్ కింద "కాన్వర్సేషన్ వ్యూ" ఆపేయండి. అప్పుడు ప్రతి మెయిల్ జాబితాలో విడిగా కనిపిస్తుంది, కావాల్సినవాటికే టిక్ పెట్టుకోవచ్చు. పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

ఫోన్ నుంచి ఇదంతా చేయొచ్చా?

జీమెయిల్ యాప్‌లో ఎక్కువ మెయిళ్లు ఎంచుకోవచ్చు, తొలగించొచ్చు, లేబుల్ పెట్టొచ్చు. ఫార్వర్డ్ మాత్రం చేయలేరు. ఐఫోన్ మెయిల్ యాప్‌లోనూ అంతే: ఎడిట్ నొక్కి ఎన్ని ఎంచుకున్నా గుర్తు పెట్టడం, వేరే ఫోల్డర్‌కి తరలించడం, చెత్తలో వేయడం లాంటివే కుదురుతాయి. "మెనూ అంతా వెతికినా ఆ ఆప్షన్ కనబడలేదు" అనేవాళ్లలో ఎక్కువమంది యాప్‌లో వెతుకుతున్నవాళ్లే.

ఫోన్ బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి "డెస్క్‌టాప్ సైట్" పెట్టుకుంటే పని జరుగుతుంది. కాకపోతే ఆ చిన్న గడుల మీద వేలు పెట్టడానికి ఓపిక కావాలి. ఫోన్‌లో ఖాళీ దొరికినప్పుడు లేబుల్ పెట్టేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు ఒక్క దెబ్బలో పంపేయడం మేలు.

అటాచ్‌మెంట్‌గా వెళ్లిన ఆ .ఈఎంఎల్ ఫైళ్లు ఏమిటి? అవతలివాళ్లు తెరవగలరా?

ఒక్కో .ఈఎంఎల్ ఫైల్ ఒక్కో పూర్తి మెయిల్. మామూలు ఫార్వర్డ్‌లో ఉత్తరంలోని రాతను మాత్రమే ఇంకో కాగితం మీద ఎక్కించి పంపుతాం. ఇందులో కవరు, దాని మీది ముద్రలతో సహా అసలు ఉత్తరాన్నే ఇంకో కవర్లో పెట్టి పంపుతాం. అసలు పంపినవారి అడ్రసు, తేదీ, టైము, ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే వివరాలు, లోపలి అటాచ్‌మెంట్లు అన్నీ యథాతథంగా ఉంటాయి.

కంప్యూటర్‌లో వీటితో ఇబ్బంది లేదు. జీమెయిల్ బ్రౌజర్‌లోనే తెరుస్తుంది, కంప్యూటర్‌లో వేసుకునే మెయిల్ ప్రోగ్రాములు అవుట్‌లుక్, థండర్‌బర్డ్, ఆపిల్ మెయిల్ కూడా తెరుస్తాయి. కొన్ని ఫోన్ యాప్‌లు మాత్రం వీటిని సరిగా చూపించవు. అందుకే ఫోన్‌లోనే మెయిల్ చూసేవారికి ఇరవై .ఈఎంఎల్ ఫైళ్లు పంపడం అంటే వాళ్లకి టెన్షన్ పెట్టడమే. అలాంటివారికి సంభాషణను "ఫార్వర్డ్ ఆల్"తో గానీ, పీడీఎఫ్‌గా గానీ పంపండి.

అవుట్‌లుక్‌లో?

పాత తరహా డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో ఇది ఎప్పటి నుంచో ఉంది. కంట్రోల్ పట్టుకుని విడివిడిగా గానీ, షిఫ్ట్ పట్టుకుని వరసగా గానీ మెయిళ్లు ఎంచుకుని ఫార్వర్డ్ నొక్కండి. ఒకటి కంటే ఎక్కువ ఎంచుకున్నారు కాబట్టి అది తనంతట తానే అన్నిటినీ ఒక కొత్త మెయిల్‌కి అటాచ్ చేస్తుంది. ఒక్క మెయిల్‌నే అటాచ్‌మెంట్‌గా పంపాలంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కాలి.

బ్రౌజర్‌లో వాడే అవుట్‌లుక్‌లో కొత్త మెయిల్ మొదలుపెట్టి, జాబితాలోంచి మెయిళ్లను అందులోకి లాగి వదిలితే చాలు.

డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో దాచిన మెయిల్ తరచూ .ఎంఎస్‌జీ ఫైల్ అవుతుంది. అది అవుట్‌లుక్ సొంత రకం, బయట అన్నిచోట్లా తెరుచుకోదు. అవతలివాళ్లు ఏం వాడతారో తెలియకపోతే ముందు ఒక్కటి పంపి తెరవమని అడగండి.

ఆపిల్ మెయిల్, థండర్‌బర్డ్ వాడేవాళ్ల సంగతి?

మ్యాక్‌లోని మెయిల్‌లో కమాండ్ పట్టుకుని మెయిళ్లు ఎంచుకుని ఫార్వర్డ్ నొక్కితే, అన్నిటి రాత ఒకే కొత్త మెయిల్‌లో వరసగా చేరుతుంది. పైన చెప్పిన రెండో రకం ఇదే. అటాచ్‌మెంట్లుగానే కావాలంటే మెసేజ్ మెనూలో "ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్" ఉంది.

థండర్‌బర్డ్‌లో ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే అన్నీ అటాచ్‌మెంట్లుగా వెళ్లే ఆప్షన్ వస్తుంది.

నాకు అటాచ్‌మెంట్లు వద్దు. పాత మెయిళ్లు వందా విడివిడి మెయిళ్లుగానే వెళ్లాలి. ఎలా?

ఎక్కువమంది తలపట్టుకునేది ఇక్కడే. బిల్లులు, రసీదులు మెయిల్‌లో అందుకుని వాటంతటవే నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్లకు, ఫిర్యాదుకో టికెట్ చొప్పున తెరిచే సిస్టమ్‌లకు ఒక్కో మెయిల్ విడిగా వెళ్లాల్సిందే.

జీమెయిల్‌లో దీనికి నేరుగా బటన్ లేదు. ఫిల్టర్‌లో (ఫలానా రకం మెయిల్ వస్తే ఫలానా పని చేయమని పెట్టుకునే నియమంలో) "ఫార్వర్డ్ ఇట్ టు" కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని మీద ఆశ పెట్టుకుంటారు. ఆ ఫార్వర్డ్ ఇకపై రాబోయే మెయిళ్లకే పనిచేస్తుంది. "ఇప్పటికే ఉన్నవాటికీ వర్తింపజేయి" అని టిక్ పెట్టినా లేబుల్ లాంటివి పాతవాటికి పడతాయి, ఫార్వర్డ్ మాత్రం జరగదు.

ఇక మిగిలేవి రెండు దారులు. మొదటిది థండర్‌బర్డ్. మీ అకౌంట్‌ని అందులో కలుపుకోండి. పంపాల్సినవన్నీ ఒక ఫోల్డర్‌లోకి చేర్చండి. "ఈ అడ్రసుకి ఫార్వర్డ్ చేయి" అని ఒక మెసేజ్ ఫిల్టర్ రాసి, ఆ ఫోల్డర్ మీద "రన్ నౌ" నొక్కండి. ఒక్కో మెయిల్ విడిగా బయలుదేరుతుంది. డెస్క్‌టాప్ అవుట్‌లుక్ రూల్స్‌లో కూడా "రన్ రూల్స్ నౌ" ఉంది, పద్ధతి అదే.

రెండోది గూగుల్ యాప్స్ స్క్రిప్ట్, అంటే జీమెయిల్ లాంటి గూగుల్ సేవలతో చిన్న కోడ్ రాసి పని చేయించుకునే సదుపాయం. ఒక లేబుల్ కింద ఉన్న మెయిళ్లను వెతికి, ఒక్కోదాన్ని ఫార్వర్డ్ చేసే నాలుగైదు లైన్ల కోడ్ సరిపోతుంది. కోడ్‌తో కాస్త పరిచయం ఉన్నవారికి ఇదే హాయి. మామూలు ఉచిత అకౌంట్‌లో స్క్రిప్ట్ ద్వారా రోజుకి 100 మందికి మించి పంపలేరు, ఇక్కడ ఒక్కో మెయిల్ ఒకటి కింద లెక్క. కాబట్టి మూడు వందలు ఉంటే మూడు రోజుల పని. పంపినవాటి లేబుల్ తీసేసే లైన్ తప్పకుండా రాయండి. లేకపోతే మర్నాడు నడిపినప్పుడు అవే మళ్లీ వెళ్తాయి.

ఏ దారిలో వెళ్లినా ముందు మీ సొంత ఇంకో అడ్రసుకి రెండు మెయిళ్లు పంపి చూసుకోండి.

ఇకపై వచ్చేవన్నీ వాటంతటవే వేరే అడ్రసుకి వెళ్లేలా పెట్టొచ్చా?

పెట్టొచ్చు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో "ఫార్వర్డింగ్" ట్యాబ్‌లో అడ్రసు చేర్చండి. ఆ అడ్రసుకి ఒక ధ్రువీకరణ మెయిల్ వెళ్తుంది, అక్కడివాళ్లు ఒప్పుకుంటేనే ఇది పనిచేస్తుంది. తర్వాత మీ కాపీని ఇన్‌బాక్స్‌లో ఉంచాలా, ఆర్కైవ్ చేయాలా, తొలగించాలా అన్నది ఎంచుకోవాలి. తొలగించడం మాత్రం వద్దు. ఎక్కడైనా తేడా వస్తే మీ దగ్గర కూడా కాపీ మిగలదు.

అన్నీ కాకుండా కొన్నే వెళ్లాలంటే, అడ్రసు ధ్రువీకరించాక ఫిల్టర్ పెట్టుకోండి. స్పామ్‌లో పడ్డవి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ కావు, ఇది గుర్తుండాలి.

ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఫార్వర్డింగ్ అంటే మీ ఉత్తరాలన్నీ ఇంకొకరు చదువుతున్నట్టే. అకౌంట్‌లోకి చొరబడినవాళ్లు మొదట చేసే పనుల్లో ఇదొకటి: గుట్టుగా ఒక ఫార్వర్డింగ్ రూల్ పెట్టి పోతారు, మీరు పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే పనిచేస్తుంటుంది. అప్పుడప్పుడూ ఆ ట్యాబ్, ఫిల్టర్ల జాబితా తెరిచి చూడండి.

ఫార్వర్డ్‌కీ రీడైరెక్ట్‌కీ తేడా ఏమిటి?

ఫార్వర్డ్ చేస్తే పంపినవారు మీరే అవుతారు. జవాబిస్తే అది మీకే వస్తుంది. రీడైరెక్ట్ చేస్తే అసలు పంపినవారి పేరే కనిపిస్తుంది, జవాబు కూడా నేరుగా వారికే పోతుంది. పొరపాటున మీకొచ్చిన మెయిళ్లను సరైన మనిషికి చేర్చడానికి ఇదే తగినది. ఆపిల్ మెయిల్‌లో ఇది మెనూలోనే ఉంది, అవుట్‌లుక్‌లో రూల్స్ ద్వారా దొరుకుతుంది.

సైజు ఎక్కువైందంటోంది. ఏం చేయాలి?

జీమెయిల్‌లో ఒక మెయిల్‌తో వెళ్లగలిగే అటాచ్‌మెంట్ల పరిమితి 25 ఎంబీ. మెయిల్‌లో ఫైళ్లు పోయేటప్పుడు అక్షరాల రూపంలోకి మారతాయి. ఆ మార్పుతో వాటి సైజు సుమారు మూడో వంతు పెరుగుతుంది. .ఈఎంఎల్ ఫైళ్లలోని ఫోటోలు, పీడీఎఫ్‌లు ముందే అలా ఉబ్బి ఉంటాయి. అందుకే మీ లెక్కలో 20 ఎంబీ ఉన్నది పంపేటప్పుడు హద్దు దాటేయొచ్చు.

రెండు మూడు విడతలుగా పంపండి, సబ్జెక్టులో "1/3", "2/3" అని రాయండి. లేదా మెయిళ్లను కంప్యూటర్‌లోకి దింపుకుని, జిప్ చేసి, క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి.

రోజుకి ఇన్నే పంపాలని పరిమితి ఉందా?

ఉంది. ఉచిత జీమెయిల్‌లో రోజుకి 500, సంస్థలు డబ్బు కట్టి వాడే గూగుల్ వర్క్‌స్పేస్‌లో 2,000. దాటితే కొంతసేపు పంపడం ఆగిపోతుంది, మెయిళ్లు అందుకోవడం ఆగదు. యాభై మెయిళ్లను అటాచ్‌మెంట్లుగా ఒకే మెయిల్‌లో పంపితే అది ఒక్కటి కిందే లెక్క.

నేను పంపినవి అవతల స్పామ్‌లోకి పోతున్నాయి. ఎందుకు?

చేత్తో ఫార్వర్డ్ చేసినవైతే, సబ్జెక్టు లేకుండా, ఒక్క ముక్కా రాయకుండా, అటాచ్‌మెంట్లే పంపి ఉంటారు. ఫిల్టర్ల కంటికి అది దొంగ మెయిల్‌లాగే కనిపిస్తుంది. ఇవేమిటో, ఎందుకు పంపుతున్నారో రెండు లైన్లు రాయండి. మనుషులకైనా అది అవసరమే.

ఆటోమేటిక్ ఫార్వర్డ్‌లో కారణం వేరు. ఫలానా సంస్థ మెయిల్ ఫలానా సర్వర్ నుంచే రావాలని చూసే తనిఖీ ఒకటి ఉంది, దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. మధ్యలో మీ సర్వర్ చేరేసరికి ఆ తనిఖీలో మెయిల్ తప్పుతుంది. డీకిమ్ అనే డిజిటల్ సంతకం మాత్రం, మెయిల్‌లో ఏమీ మారకపోతే, ఫార్వర్డ్ తర్వాతా చెల్లుతుంది. కాబట్టి ఆటోమేటిక్‌గా పంపేటప్పుడు సబ్జెక్టులో అదనపు మాటలు చేర్చే సెట్టింగ్‌లు ఉంటే ఆపేయండి. అందుకునేవాళ్లు మీ అడ్రసును కాంటాక్ట్స్‌లో చేర్చుకున్నా మేలే.

మోసపు మెయిళ్ల మీద ఫిర్యాదు చేయాలి. ఎలా పంపాలి?

అటాచ్‌మెంట్‌గా మాత్రమే పంపండి. మామూలు ఫార్వర్డ్‌లో, ఆ మెయిల్ నిజంగా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే హెడర్లు పోతాయి, విచారించేవారికి కావాల్సినవి అవే. అసలు మెయిళ్లను తొలగించకండి. లోపలి లింకులు నొక్కకండి.

పంపే ముందు ఏం సరిచూసుకోవాలి?

మెయిల్ అడుగున మడిచి ఉన్న పాత రాతలు. పైన కనిపించే మూడు లైన్లు చూసి ఫార్వర్డ్ కొడతాం. కింద ఎవరిదో జీతం, ఎవరిదో ఆరోగ్యం, ఎవరి గురించో అన్న మాట ఉంటుంది. మామూలు ఫార్వర్డ్‌లో దాన్ని చెరిపేయొచ్చు, అక్కర్లేని అటాచ్‌మెంట్ తీసేయొచ్చు. .ఈఎంఎల్‌గా వెళ్తే ఏదీ చెరపలేరు, అంతా పోతుంది. సున్నితమైన విషయాలున్న చోట నేనైతే అటాచ్‌మెంట్ పద్ధతి వాడను.

మీరు పంపిన మెయిళ్లను అటాచ్ చేస్తుంటే ఇంకో జాగ్రత్త కావాలి. సెంట్ ఫోల్డర్‌లో ఉండే కాపీలో మీరు బీసీసీలో (మిగతావారికి కనిపించకుండా కాపీ పంపే గడిలో) పెట్టినవారి పేర్లు కూడా ఉంటాయి. అవి కాపీతో పాటు బయటపడే అవకాశం ఉంది.

ఉద్యోగం మారుతున్నాను. ఆఫీసు మెయిళ్లన్నీ సొంత అడ్రసుకి పంపుకోవచ్చా?

టెక్నికల్‌గా కుదిరినా, ముందు సంస్థ నియమాలు చదవండి. ఆ మెయిళ్లు సంస్థవి. మైక్రోసాఫ్ట్ 365లో సంస్థ బయటికి ఆటోమేటిక్ ఫార్వర్డ్ మొదటి నుంచీ ఆపేసే ఉంటుంది, అడ్మిన్ తెరిస్తేనే తెరుచుకుంటుంది. జీతపు స్లిప్పుల్లాంటి సొంత కాగితాలు కావాలంటే హెచ్‌ఆర్‌ని అడిగి తీసుకోవడం మంచిది.

వేల మెయిళ్లు నా ఇంకో అకౌంట్‌కి చేర్చాలి. అవీ ఫార్వర్డే చేయాలా?

వద్దు. ఫార్వర్డ్ చేస్తే అన్నిటికీ పంపినవారు మీరే అవుతారు, తేదీలన్నీ ఈ రోజువే అవుతాయి. తర్వాత వెతుక్కోవడం నరకం. రెండు అకౌంట్లనూ ఐమ్యాప్ పద్ధతిలో (సర్వర్‌లోని మెయిళ్లనే ప్రోగ్రామ్‌లో చూపించే పద్ధతి) థండర్‌బర్డ్‌కి కలిపి, ఒక దానిలోని ఫోల్డర్‌లోంచి ఇంకోదానిలోకి లాగేయండి. పంపినవారు, తేదీలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. బ్యాకప్ మాత్రమే కావాలంటే మీ డేటాను దింపుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకౌట్ అనే సేవలో లేబుళ్లు ఎంచుకుని, చాలా మెయిళ్లు ఒకే ఫైల్‌లో ఉండే ఎంబాక్స్ ఫైల్‌గా దింపుకోవచ్చు.

వేరే వాళ్లు నా మెయిళ్లు రోజూ చూడాలి. ప్రతిసారీ ఫార్వర్డ్ చేయాల్సిందేనా?

అక్కర్లేదు. జీమెయిల్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్ కింద మీ అకౌంట్ చూసే అనుమతి ఇంకొకరికి ఇవ్వొచ్చు, పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు. వాళ్లు మీ మెయిల్ చదవగలరు, మీ తరఫున జవాబివ్వగలరు, పాస్‌వర్డ్ మాత్రం మార్చలేరు.

పీడీఎఫ్‌గా పంపడం మేలా?

చదివి ప్రింట్ తీసుకునేవారికి మేలే. సంభాషణ తెరిచి "ప్రింట్ ఆల్" నొక్కి, ప్రింటర్ బదులు "సేవ్ యాజ్ పీడీఎఫ్" ఎంచుకోండి. అటాచ్‌మెంట్లు ఆ పీడీఎఫ్‌లోకి రావు, విడిగా జోడించాలి.

పంపాక తప్పు అడ్రసని తెలిసింది. వెనక్కి తీసుకోవచ్చా?

జీమెయిల్‌లో కొన్ని సెకన్లే గడువు. 5, 10, 20, 30 సెకన్లలో ఒకటి సెట్టింగ్స్‌లో ఎంచుకోవచ్చు, 30 పెట్టుకోండి. అది దాటితే ఇక చేసేదేమీ లేదు. అందుకున్నవారికి రాసి, చెరిపేయమని అడగడమే. ఎక్కువ మెయిళ్లు పంపేటప్పుడు అడ్రసు గడిని చివర్లో నింపండి: అటాచ్ చేసి, సరిచూసి, రెండు లైన్లు రాశాకే అడ్రసు. అది ఖాళీగా ఉన్నంతసేపు పొరపాటున బటన్ నొక్కినా మెయిల్ కదలదు.